'రన్' అంటే పరుగొక్కటేనా?

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ అంతా ఒక్క మాట మీదే: 'రన్'. మూడంటే మూడక్షరాల ఇంగ్లీషు మాట. మేడమ్, దీనికి నిజంగానే వందల అర్థాలున్నాయంటారా?

గెస్ట్: ఉన్నాయండి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1989లో 20 సంపుటాలుగా వచ్చినప్పుడు అందులో అన్నిటికన్నా పొడవైన ఎంట్రీ 'సెట్' అనే క్రియది. తర్వాతి సవరణల్లో 'రన్' దాన్ని దాటేసింది. పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఈ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నారు. 2011లో బయటికొచ్చిన లెక్క ప్రకారం క్రియగానే 645 అర్థాలు.

హోస్ట్: 645 బట్టీ పట్టమంటే వినేవాళ్ళు ఇక్కడే ఆపేస్తారు.

గెస్ట్: బట్టీ అక్కర్లేదు. రెండు చోట్ల చూడండి చాలు. రన్‌కి ముందు ఎవరున్నారు, తర్వాత ఏముంది. ముందు మనిషో జంతువో ఉండి, తర్వాత ఏమీ లేకపోయినా, దూరమో పందెమో ఉన్నా అది పరుగే. 'షి రన్స్ ఫైవ్ కిలోమీటర్స్.' ముందు నీళ్ళలాంటిది ఉంటే కారడం, పారడం. 'మై నోస్ ఈజ్ రన్నింగ్', ముక్కు కారుతోంది. 'ది కలర్స్ హావ్ రన్' అంటే ఉతుకులో ఒక బట్ట రంగు దిగి పక్కదానికి అంటుకుంది. రోడ్డో పైపో ఉంటే ఎటు సాగిందో చెప్తున్నారు. 'ది రోడ్ రన్స్ అలాంగ్ ది కెనాల్', రోడ్డు కాలవ గట్టు వెంబడే పోతుంది. లీజు ఉంటే గడువు. 'ది లీజ్ రన్స్ ఫర్ త్రీ ఇయర్స్.'

హోస్ట్: మరి 'హి రన్స్ ఎ హోటల్'? ముందు మనిషే ఉన్నాడుగా.

గెస్ట్: తర్వాత హోటలుంది కదండీ. అక్కడ నడపడం. చూడండి, మనకి బస్సు నడుస్తుంది, బస్సు నడుపుతారు అని రెండు రూపాలు. ఇంగ్లీషులో రెండింటికీ రన్నే. 'ది బస్ రన్స్ ఎవ్రీ అవర్', 'దే రన్ ఎ బస్ ఎవ్రీ అవర్'. పాత ఇంగ్లీషులో ఇవి వేర్వేరు క్రియలు. తనంతట తాను పరిగెత్తడానికి ఒకటి, పరిగెత్తించడానికి ఇంకొకటి. పోనుపోను రెండూ ఒకే మాటలో కలిసిపోయాయి. అర్థాలు ఇంత పెరగడానికి అదొక కారణం.

హోస్ట్: సాఫ్ట్‌వేర్ వాళ్ళు 'స్క్రిప్ట్ రన్ అవుతోంది', 'స్క్రిప్ట్ రన్ చేశాను' అంటారు. ఆ జంటేనా ఇది?

గెస్ట్: అదే. ఇంగ్లీషులో లేని తేడాని మనవాళ్ళు 'అవు', 'చేయి' తగిలించి మళ్ళీ తెచ్చుకున్నారు. కాబట్టి రన్ తర్వాత స్కూలు, క్లాసు, కంపెనీ, ప్రోగ్రామ్ లాంటివి ఉంటే 'నడుపు' పెట్టి చూడండి, చాలావరకు కుదురుతుంది. కుదరనివి విడిగా నేర్చుకోవాల్సిందే. 'రన్ ఎ బాత్' అంటే స్నానానికి తొట్టిలో నీళ్ళు పట్టడం. 'రన్ ఎ రెడ్ లైట్' అంటే ఎర్ర లైటు పడ్డా ఆగకుండా పోవడం. 'రన్ ది నంబర్స్' అంటే లెక్కేసి చూడటం. ఇక ఎన్నికల్లో నిలబడటం అమెరికాలో 'రన్', బ్రిటన్‌లో 'స్టాండ్', మన ఇంగ్లీషు పేపర్లలో ఎక్కువగా 'కంటెస్ట్'.

హోస్ట్: నా లెక్కలో అసలు తలనొప్పి వెనకొచ్చే చిన్న మాటలతోనే. అవుట్, ఓవర్, ఇన్‌టు...

గెస్ట్: అవుట్‌తో మొదలుపెడదాం, మనవాళ్ళు ఎక్కువ తప్పు చేసేది దాంతోనే. పెట్రోలు అయిపోయింది. అయిపోయిన వస్తువుని ముందు పెడితే 'ది పెట్రోల్ హాజ్ రన్ అవుట్'. మనిషిని ముందు పెడితే 'ఆఫ్' తప్పనిసరి: 'వి హావ్ రన్ అవుట్ ఆఫ్ పెట్రోల్'. తెలుగులో అయిపోయేది వస్తువే, మనిషి కాదు. అందుకని రెండో వాక్యం మనకి తట్టదు, తట్టినా 'ఆఫ్' జారిపోతుంది.

హోస్ట్: 'పెట్రోల్ వాజ్ రన్ అవుట్' అనేవాళ్ళూ ఉన్నారు.

గెస్ట్: అది క్రికెట్ ప్రభావం కావచ్చు! 'హి వాజ్ రన్ అవుట్' సరైన వాక్యమే. అక్కడ ఫీల్డింగ్ చేసేవాళ్ళు బ్యాటర్‌ని అవుట్ చేశారు, అంటే చేసేవాళ్ళు వేరే ఉన్నారు, కాబట్టి కర్మణి కుదిరింది. పెట్రోలు దానంతటదే అయిపోయింది, ఎవరూ దాన్ని రనౌట్ చేయలేదు. అందుకే 'వాజ్' పనికిరాదు.

హోస్ట్: 'ఓవర్' సంగతి?

గెస్ట్: 'రన్ ఓవర్' అంటే బండి తొక్కేయడం. 'ది లారీ రాన్ హిమ్ ఓవర్' అని పేరుకి బదులొచ్చే 'హిమ్'ని మధ్యలో పెట్టొచ్చు. 'రన్ ఇన్‌టు'ని మాత్రం విడగొట్టకూడదు. దానికి రెండర్థాలు. మనిషి విషయంలో 'ఐ రాన్ ఇన్‌టు హిమ్' అంటే సాధారణంగా అనుకోకుండా ఎదురుపడ్డాను, గోడ విషయంలో అయితే గుద్దుకోవడమే. ఆ 'హిమ్'ని మధ్యకి జరిపితే వాక్యం చెడిపోతుంది. ఆఫీసుల్లో వినిపించే 'రన్ ఇట్ బై మి' అంటే పంపే ముందు ఒకసారి నాకు చూపించమని. చాలామంది దాన్ని ఆమోదం అనుకుంటారు. కాదు, అడుగుతున్నది అభిప్రాయం చెప్పే అవకాశమే.

హోస్ట్: నామవాచకంగా?

గెస్ట్: క్రికెట్ పరుగు అందరికీ తెలుసు. పేపర్లో 'బ్యాంక్ రన్' అని చూస్తే, డిపాజిటర్లందరూ ఒక్కసారిగా డబ్బు తీసుకోడానికి ఎగబడటం. 2023 మార్చి 9న సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి లాగాలని చూశారు. 2007లో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ అనే బ్యాంకు ముందు కట్టిన క్యూలు కూడా అలాంటివే. 'డ్రై రన్' అంటే అసలు పనికి ముందు చేసి చూసుకునే రిహార్సల్. మేజోళ్ళలో పోగు తెగి పొడుగునా సాగిన చీలిక అమెరికాలో 'రన్', బ్రిటన్‌లో 'ల్యాడర్'.

హోస్ట్: చివరగా ఒకటి. 'ఐ యామ్ రన్నింగ్ లేట్' అని మెసేజ్ పెడితే పరిగెత్తుకుంటూ వస్తున్నట్టా?

గెస్ట్: మంచం దిగకుండా కూడా పెట్టొచ్చండి ఆ మెసేజ్! రన్ వెనక విశేషణం వస్తే అది ఒక స్థితిలోకి రావడమో, ఉండటమో. 'రన్ డ్రై' బావి ఎండిపోవడం, 'రన్ షార్ట్' తక్కువపడటం, 'రన్ లేట్' టైముకన్నా వెనకబడటం. జ్వరానికి మాత్రం వెనక నామవాచకమే, దాని ముందు 'ఎ' ఉండాలి. 'షి ఈజ్ రన్నింగ్ ఎ ఫీవర్'. మనవాళ్ళు ఎక్కువగా మింగేసేది ఆ 'ఎ'నే.