వెబ్లీ మార్క్ 6 రివాల్వర్‌కు .22 శిక్షణ కిట్: రివ్యూ

నమస్కారం. ఈ రోజు బల్ల మీద ఉన్నది బ్రిటిష్ సైన్యం 1915లో చేపట్టిన వెబ్లీ మార్క్ 6 రివాల్వర్. పక్కనున్న చెక్కపెట్టెలో ఉన్నది, .455 క్యాలిబర్ (అంటే గొట్టం రంధ్రం వ్యాసం, అంగుళాల్లో) గల ఆ రివాల్వర్‌లో .22 తూటాలు పేల్చడానికి వీలు కల్పించే పాత శిక్షణ కిట్. పెట్టెలో ముఖ్యమైనవి రెండే: అసలు గొట్టంలోకి దూరే సన్నని లోపలి గొట్టం, తూటాలు కూర్చునే ఆరు చిన్న గదులు, అంటే ఛాంబర్లు, ఉన్న మరో సిలిండర్ (రివాల్వర్‌లో గుండ్రంగా తిరిగే భాగం).

చిన్న తూటాతో సాధన చేయించడం సైన్యానికి కొత్త సంగతి కాదు. 1880ల్లోనే మార్టినీ హెన్రీ రైఫిళ్లలో మోరిస్ ట్యూబ్ అనే లోపలి గొట్టాన్ని అమర్చి, ఖర్చూ చప్పుడూ తగ్గించి, సిపాయిలకు గురి నేర్పేవారు. ఈ కిట్ ఉద్దేశమూ అదే.

ఇక అసలు తెలివి ఎక్కడుందో దగ్గరగా చూపిస్తాను. .455 తూటాను పేల్చాలంటే దాని అడుగున నడిమధ్యనున్న ప్రైమర్ మీద, అంటే దెబ్బకు అంటుకుని మందును పేల్చే చిన్న బిళ్ల మీద, దెబ్బ పడాలి. .22 తూటాకు మాత్రం అంచు మీద పడాలి. వెబ్లీ హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే తూటాను కొట్టే భాగం) మొన మధ్యలోనే తగులుతుంది కనుక, హ్యామర్ జోలికి పోకుండా, తూటా కూర్చునే రంధ్రాన్నే సుమారు 3 మిల్లీమీటర్లు జరిపారు. గొట్టాన్ని మూతి వైపు నుంచి చూడండి, రంధ్రం మధ్యలో లేదు, ఒక పక్కకు ఒరిగి ఉంది. అది తప్పుడు దిశలో కూర్చోకుండా వెనక చిన్న గాడి కూడా పెట్టారు. ఇంత పాత పనితనంలో ఇంత పొదుపైన ఆలోచన చూస్తే ముచ్చటేస్తుంది.

నేను దీన్ని టెక్సస్‌లోని ఒక రేంజ్‌లో, 10 గజాల దూరం నుంచి పేల్చి చూశాను. రివాల్వర్ బరువు, పిడి, ట్రిగ్గర్ బిగువు ఏవీ మారవు కనుక, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చెయ్యి ఎక్కడ వణుకుతోందో ఇది నిర్మొహమాటంగా చూపిస్తుంది. మారేది వెనక్కి తన్నే బలం. .455 గుండు దాదాపు 17 గ్రాములు, .22 గుండు రెండున్నర గ్రాములు, వేగాలను కూడా లెక్కలోకి తీసుకుంటే తన్ను సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల మూతి పైకి లేవకముందే గుండు బయటపడి, గురిపెట్టిన చోటుకు బాగా కిందుగా తగులుతుంది. వెబ్లీ గురిముళ్లు కదిలేవి కావు కాబట్టి దీన్ని సులభంగా సరిదిద్దలేం. పెద్ద తూటా తన్నుకు చేతిని అలవాటు చేయడం కూడా ఈ కిట్ వల్ల కాదు.

అయినా నేను దీని వైపే మొగ్గుతాను. అమెరికాకు వచ్చిన వెబ్లీలలో చాలావాటికి .45 ఏసీపీ అనే పిస్తోలు తూటాలు పట్టేలా సిలిండర్ వెనక భాగాన్ని అరగదీశారు. ఆ లోహం మళ్లీ రాదు, పైగా ఆ తూటా పూర్తి ఒత్తిడి ఈ పాత రివాల్వర్ తట్టుకోవలసిన దానికన్నా ఎక్కువ. ఈ కిట్ తీసేస్తే మాత్రం రివాల్వర్ ఎలా ఉండేదో అలాగే ఉంటుంది.

భారతదేశంలోని ప్రేక్షకులకు ఒక మాట: 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం ఆయుధ భాగాలు కూడా ఆయుధాలే కనుక, ఇలాంటి సిలిండర్‌నో గొట్టాన్నో పాత సామాను అనుకుని తెప్పించుకోకండి.

కొనేవారు చూడవలసింది ఒక్కటే, సిలిండర్ మీ రివాల్వర్‌కు సరిగ్గా అమరుతుందా లేదా అన్నది. ఒకదానికి అమర్చినది ఇంకోదానికి కుదరాలని లేదు. నా కిట్‌లో నాలుగో ఛాంబర్ గొట్టానికి సూటిగా రావడం లేదేమో, అందులోని తూటా పేలినప్పుడల్లా పక్కకు సన్నగా సీసం చిమ్ముతోంది, తెల్ల కాగితం అడ్డం పెడితే ఇదిగో, ఈ బూడిదరంగు మరకలు పడ్డాయి. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) పరీక్షించి సరే అనేదాకా దీన్ని మళ్లీ పేల్చను.