మెయిన్‌ఫ్రేమ్ ఐఓ (డేటా చదవడం, రాయడం) లోపల ఏం జరుగుద్ది? ల్యాప్‌టాప్‌లోనే చూసేద్దాం | హెర్క్యులీస్ రివ్యూ

అందరికీ నమస్తే అండి, వైజాగ్ ఎంవీపీ కాలనీ నుంచి రికార్డ్ చేస్తున్నా, వెనకాల కుక్కర్ విజిల్ వినబడితే ఏమనుకోకండి. ఇవాళ రివ్యూ హెర్క్యులీస్‌ది. పాత ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ని, అంటే ఆ పెద్ద కంప్యూటర్ని, మామూలు ల్యాప్‌టాప్‌లో నడిపే ఫ్రీ సాఫ్ట్‌వేర్, రోజర్ బౌలర్ గారు 1999లో మొదలెట్టారు, దానిమీద ఎంవీఎస్ 3.8జే అనే పాత ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్ వేశా.

వేసింది ఒక్క డౌటు కోసమే. మన ప్రోగ్రాం డిస్క్‌ని తనే ముట్టుకోలేదు కదా, మరి ఎవరు ముట్టుకుంటున్నారు, ఎప్పుడు? మన పోర్టులో లారీ డ్రైవర్ని క్రేన్ ఎక్కనిస్తారా, చీటీ ఇచ్చి పక్కన నిలబడాల్సిందే. ఇక్కడ ఆ చీటీ ఎస్‌వీసీ (సూపర్‌వైజర్ కాల్), అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ని పని అడిగే ఇన్‌స్ట్రక్షన్, 1964 నాటి ఐబీఎం సిస్టమ్ 360 మెషిన్ల నుంచీ ఇదే పద్ధతి. రెండే బైట్లు, 0ఏ అని ఒకటి, పక్కన నంబరు. ఐఓకి నంబరు సున్నా.

స్క్రీన్ చూడండి, ట్రేస్ పెట్టా, అంటే నడిచే ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ చూపిస్తుంది. పీఎస్‌డబ్ల్యూ, అంటే ప్రాసెసర్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పేది, 078డీ అని ఉందా, 8 అంటే మన స్టోరేజ్ కీ, అంటే మెమరీకి తాళంచెవి నంబరు, డీలో ఆఖరి బిట్ 1, అంటే ప్రాబ్లమ్ స్టేట్, మనలాంటి మామూలోళ్లు. 0ఏ00 దాటింది... అదిగో, 040సీ! కీ సున్నా, ఆ బిట్టూ సున్నా, ఇప్పుడు సూపర్‌వైజర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ అధికారం. పాత పీఎస్‌డబ్ల్యూని మెమరీలో హెక్స్ (16 అంకెల లెక్క) 20 అడ్రస్‌లో దాచి హెక్స్ 60లో ఉన్న కొత్తది ఎత్తుకుంది, మొత్తం హార్డ్‌వేరే చేసింది, ఎక్కడికి దూకాలో మనం చెప్పే ఛాన్సే లేదు. కిటుకంతా అదే.

మొండికేసి, డిస్క్ లాంటి వాటిని నేరుగా కదిలించే ఎస్ఐఓ (స్టార్ట్ ఐఓ) ఇన్‌స్ట్రక్షన్ నేనే రాసి చూశా, ఎస్0సీ2తో, అంటే నీకు ఆ అధికారం లేదన్న ఎర్రర్‌తో, జాబ్ ఎగిరిపోయింది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇది. ఒక రికార్డు ఇవ్వమని ప్రోగ్రాం గెట్ అన్న ప్రతిసారీ ఈ గోల ఉండదు! గెట్ అంటే యాక్సెస్ మెథడ్‌లోకి, అంటే ఫైళ్లు చదివిపెట్టే సిస్టమ్ కోడ్‌లోకి, ఉత్త బ్రాంచ్ (దూకడం), అది కూడా ప్రాబ్లమ్ స్టేట్‌లోనే, బఫర్లో, అంటే ముందే చదివి మెమరీలో పెట్టిన చోట, ఉన్న రికార్డు చూపించి వచ్చేస్తుంది. 80 బైట్ల రికార్డులు, బ్లాక్ (డిస్క్ నుంచి ఒకేసారి వచ్చే రికార్డుల కట్ట) 3120 బైట్లు అనుకోండి, ఒక్కో బ్లాక్‌లో 39 పడతాయి, చీటీ రాసేది రికార్డుకోసారి కాదు, బ్లాకుల లెక్కన. బ్లాక్ సైజు గురించి సీనియర్లు ఎందుకు అంత సతాయించేవారో ఇప్పుడు అర్థమైంది.

కొత్తోళ్లకి సులువా అంటే కాదు, ఆ ఆకుపచ్చ స్క్రీన్లకే వారం పట్టుద్ది. ఇంకోటి, ట్రేస్‌కి అడ్రస్ రేంజ్ ఇచ్చుకోండి, నేను మర్చిపోయా, స్క్రీన్ కటికి జలపాతంలా దూకేసింది, ఏదీ చదవలేక చివరికి పవర్ బటనే నొక్కా.