కూత వేరు, పంచ్ వేరు

శ్రోతలకు నమస్కారం.

ఆండ్రూ ఫ్లింటాఫ్ మీకు గుర్తుండే ఉంటాడు. 2002లో ముంబై వాంఖడేలో ఇండియా మీద గెలిచి, చొక్కా విప్పి పరిగెత్తిన ఇంగ్లండ్ క్రికెటర్. లార్డ్స్ బాల్కనీలో గంగూలీ బదులు తీర్చుకున్నది ఆ చొక్కాకే. 79 టెస్టులాడిన ఆ మనిషి 2010లో క్రికెట్ మానేసి, రెండేళ్లకు ప్రొఫెషనల్ బాక్సింగ్ రింగెక్కాడు. 2012 నవంబరు 30న, మాంచెస్టర్‌లో. ప్రత్యర్థి రిచర్డ్ డాసన్ అనే అమెరికన్. రెండు నిమిషాల చొప్పున నాలుగే రౌండ్లు. రెండో రౌండ్లో దెబ్బ తిని కింద పడ్డాడు. లేచి నిలబడి, చివరికి 39-38తో, అంటే ఒక్క పాయింటుతో గట్టెక్కాడు. మళ్లీ ఆ రింగు మొహం చూడలేదు.

సంక్రాంతి పోటీల్లో పేరు తెచ్చుకుని ఆట మానేసిన కబడ్డీ ఆటగాళ్లు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బోలెడుమంది. కావలిలో అలాంటి మిత్రుడొకడు, "అన్నా, కాళ్లలో బలముంది, దమ్ముంది. మనమూ గ్లవ్స్ తొడిగితే పోలా?" అన్నాడు. కాళ్ల సంగతి నిజమే. దమ్ము దగ్గరే వస్తుంది చిక్కంతా.

కబడ్డీ రెయిడ్ 30 సెకన్లు. కూత పెడుతూ ఊపిరిని పొదుపుగా వదులుతాం, మన కోర్టులోకి వచ్చి తేరుకుంటాం. మగవాళ్ల ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మామూలుగా ఒక్కో రౌండు మూడు నిమిషాలు, మధ్యలో విశ్రాంతి ఒక్క నిమిషం. ప్రతి పంచ్‌కీ 'స్' అని గాలి వదలాలి. కొత్తవాళ్లు ఆ టెన్షన్‌లో ఊపిరి బిగబడతారు. కాసేపటికే భుజాలు బరువెక్కి చేతులు కిందికి జారిపోతాయి. ఇక రెయిడర్ నడుము వంచి, తల ముందుకు పెట్టి, చెయ్యి చాచి తాకుతాడు. రింగులో అలా చేస్తే తలను ఎదుటివాడి చేతిలో పెట్టినట్టే. చాచిన చెయ్యి వెంటనే గడ్డం దగ్గరికి రావాలి. ఇన్నేళ్ల అలవాటు ఒక పట్టాన పోదు. నన్నడిగితే ఏ ఆటా ఆడని కుర్రాడికి నేర్పడమే తేలిక, వాడికి మరిచిపోవాల్సిందేమీ ఉండదు.

అలాగని ఎవరికీ కుదరలేదని కాదు. ఇంగ్లండ్‌లో కర్టిస్ వుడ్‌హౌస్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు 2006లో, 26 ఏళ్లకే బాక్సింగ్‌లోకి మారాడు. 2014లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. అంత కాలం పట్టింది మరి! మాంచెస్టర్ యునైటెడ్ ఒకప్పటి డిఫెండర్ రియో ఫెర్డినాండ్ మాత్రం 38 ఏళ్లప్పుడు బాక్సర్‌నవుతానని ప్రకటించాడు. 2018లో బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు లైసెన్స్ ఇవ్వనంది. ఎంత పెద్ద పేరైనా మొహమాటపడకుండా కాదన్నారు, నాకైతే అది సబబుగానే తోచింది.

మన దగ్గర ఎవరికైనా ఈ సరదా పుడితే ముందు కళ్ల పరీక్ష, మెదడు స్కాన్ చేయించుకోండి. కొన్ని నెలలు పంచింగ్ బ్యాగుతోనూ, అద్దం ముందు అడుగులు వేస్తూనూ గడపండి. స్పారింగ్‌లో, అంటే తోటివాడితో సాధన పోరులో, హెడ్‌గార్డ్ తియ్యొద్దు. ప్రొఫెషనల్ పోటీలో అది పెట్టుకోనివ్వరని కూడా గుర్తుంచుకోండి.

సెలవు.