పండుగనాడు సైనిక శిబిరంలో వినోదం: స్టూడియో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. ఇంటికి దూరంగా విదేశాలలో ఉన్న సైనికుల కోసం క్రిస్మస్ పూట కళాకారులు చేసిన ప్రయాణాల గురించి, ముఖ్యంగా అమెరికా హాస్యనటుడు బాబ్ హోప్ గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మాష్టారూ, ఇది ఎలా మొదలైందో చెప్పండి.

చరిత్ర అధ్యాపకుడు: సైనికుల సంక్షేమం చూసే యూఎస్‌ఓ సంస్థ 1941 ఫిబ్రవరిలో ఏర్పడింది. హోప్ క్రిస్మస్ ప్రయాణాలకు మాత్రం 1948లో నాంది పడింది; సోవియట్ దిగ్బంధంలో ఉన్న బెర్లిన్‌కు పిండి, బొగ్గు విమానాలలో చేరవేస్తున్న సిబ్బందిని అలరించడానికి ఆయన జర్మనీ వెళ్లారు. 1964 నుంచి 1972 దాకా ప్రతి క్రిస్మస్‌కూ వియత్నాం వెళ్లారు. మొదటి ఏడాదే, పండుగ ముందురోజు సాయంత్రం, ఆయన సైగాన్ చేరుకుంటున్న సమయంలో, అమెరికా అధికారులు బస చేసే బ్రింక్స్ హోటల్‌లో బాంబు పేలి ఇద్దరు మరణించారు. అయినా ప్రదర్శనలు ఆగలేదు.

విశ్రాంత సైనికాధికారి: సంక్రాంతినాడు మంచుకొండ మీద, వేడి టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, ఈపాటికి మా వాకిట్లో ముగ్గు వేసి ఉంటారని తలచుకున్నవాణ్ణి నేను. అటువంటి వేళ ఎవరైనా మనకోసం అంత దూరం వస్తే, పాట ఎలా ఉందని ఎవరూ చూడరు, వచ్చారన్నదే లెక్క. 1962 యుద్ధం తరువాత మన నర్గిస్, సునీల్ దత్ సరిహద్దు శిబిరాలకు కళాబృందాన్ని తీసుకువెళ్లారు. జవాన్లకు అది ఎంత పెద్ద సంగతో నేను ఊహించగలను.

రంగస్థల నటి: మన్నించాలి, ఆ మాటతో నేను ఏకీభవించలేను. వెళ్లడం ఎంత గొప్పదో, వాళ్లకు తగినది తీసుకువెళ్లడమూ అంతే ముఖ్యం. హోప్ గోల్ఫ్ కర్ర చేతబట్టి వేదికెక్కి, ఆ శిబిరంలోని బురద గురించీ, భోజనం గురించీ, అక్కడి అధికారుల గురించీ చలోక్తులు విసిరేవారు. తమ కష్టం ఈయనకు తెలుసన్న నమ్మకంతోనే వాళ్లు నవ్వారు.

సమన్వయకర్త: ఆ నమ్మకం ఎప్పుడూ నిలిచిందా?

చరిత్ర అధ్యాపకుడు: లేదు. ఆయన యుద్ధాన్ని బాహాటంగా సమర్థించారు. 1969లో వేదిక మీద హోప్, అధ్యక్షుడు నిక్సన్ రూపొందించిన శాంతి ప్రణాళికను ప్రస్తావించినప్పుడు కొందరు సైనికులు గట్టిగా నిరసన తెలిపారు. అది కూడా ఆ చరిత్రలో భాగమే.

రంగస్థల నటి: అయినా ముగింపులో ‘సైలెంట్ నైట్’ అందరూ కలిసి పాడేవారు. జనవరిలో ఎన్‌బీసీ ఆ ప్రదర్శనను ప్రసారం చేసినప్పుడు, కెమెరా ఆ వేల ముఖాల మీదుగా సాగుతుంటే, తమ పిల్లవాడు ఎక్కడైనా కనిపిస్తాడేమోనని తల్లులు టీవీకి దగ్గరగా జరిగి వెతుక్కునేవారు.