ఒకినావాలో మూడు రోజులు: ఏవి చూడాలి, ఏవి వదులుకోవాలి

సభకు నమస్కారం. టోక్యోలోనూ ఒసాకాలోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాలకు వరుసగా మూడు రోజులు సెలవు కలిసివస్తే గుర్తుకొచ్చే పేర్లలో జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవులు ఒకటి. ఆ మూడు రోజులను ఎలా వేసుకోవాలన్నదే నేటి విషయం కనుక, చూడదగ్గ చోట్ల జాబితా చదవడం మాని, వేటిని వదులుకోవాలో చెప్పడానికే ఎక్కువ సమయం తీసుకుంటాను.

ఒకినావా ప్రధాన ద్వీపం వైశాల్యం సుమారు 1,200 చదరపు కిలోమీటర్లు. అంకె చిన్నదే గానీ, ద్వీపం సన్నగా, నైరుతి నుంచి ఈశాన్యానికి వంద కిలోమీటర్లకు పైగా సాగి ఉంటుంది. విమానాశ్రయం ఉన్న నాహా నగరం దక్షిణపు కొసకు దగ్గరగా ఉంది. అందరూ చూడాలనుకునే చురాఉమి ఆక్వేరియం ఉత్తరాన మోతోబు ద్వీపకల్పంలో, నాహాకు దాదాపు 90 కిలోమీటర్ల దూరాన ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నడిచిన చిన్న రైలు మార్గం 1945లో ధ్వంసమై మళ్లీ లేవలేదు. 2003లో వచ్చిన మోనోరైలు నాహాను, పక్కనున్న ఉరాసోయెను దాటి వెళ్లదు. ఉత్తరానికి పోవాలంటే బస్సో, అద్దె కారో ఎక్కవలసిందే. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి కారే మేలని నా అభిప్రాయం.

మనలాగే అక్కడా ఎడమవైపే నడపాలి. అయితే 1972 వరకు అమెరికా పాలనలో ఉన్న ఈ ద్వీపంలో బండ్లు కుడివైపు నడిచేవి. 1978 జులై 30న ఒక్క రోజులో అందరూ ఎడమవైపుకు మారారు. స్వదేశం నుంచి వచ్చిన బంధువులు కారు నడపాలంటే రోడ్డు రవాణాపై 1949లో కుదిరిన జెనీవా ఒప్పందం నమూనాలోని అంతర్జాతీయ పర్మిట్ తప్పనిసరి. పనిరోజుల రద్దీ వేళల్లో నాహా వీధుల్లో కొన్ని వరుసలు బస్సులకే కేటాయిస్తారు కాబట్టి, ఉదయం బయలుదేరేవారు ఆ గుర్తులు గమనించాలి.

ఇక నా సూచన ఒక్కటే: రోజుకు ఒక దిక్కు. మొదటి రోజు దక్షిణం, రెండో రోజు ఉత్తరం, మూడో రోజు నాహా. ఉత్తరానికి వెళ్లిన రాత్రి నాగోలోనో మోతోబులోనో బస చేస్తే, చీకట్లో రెండు గంటలు వెనక్కి నడిపే శ్రమ తప్పుతుంది.

దక్షిణాన్ని చాలామంది వదిలేస్తారు. నేను మాత్రం దానితోనే మొదలుపెట్టమంటాను. 1945 ఏప్రిల్ నుంచి జూన్ వరకు అమెరికా, జపాన్ సేనల మధ్య ఇక్కడ జరిగిన పోరులో ద్వీప ప్రజల్లో సుమారు నాలుగో వంతు మరణించారని అంచనా. ఇతోమాన్‌లోని మాబుని కొండపై ఉన్న శాంతి స్మారక వనంలో, 1995లో ఆవిష్కరించిన నల్లరాతి ఫలకాల మీద, ఏ దేశంవారని గానీ, సైనికులా పౌరులా అని గానీ భేదం చూపకుండా 2,40,000కు పైగా పేర్లు చెక్కారు. ఈ వనానికి, దగ్గర్లోని హిమేయురి మ్యూజియానికి కలిపి అర రోజు కేటాయించండి. ఆ మ్యూజియం నర్సులుగా యుద్ధంలోకి పంపిన విద్యార్థినుల కథ చెబుతుంది. చిన్న పిల్లలను లోపలికి తీసుకువెళ్లాలా వద్దా అన్నది తల్లిదండ్రులు ముందే ఆలోచించుకోవాలి. సాయంత్రం సేఫా ఉతాకి వెళ్లవచ్చు. పూర్వం ఒకినావాను ఏలిన ర్యుక్యు రాజ్యంలోని అత్యంత పవిత్ర స్థలం అది. చాంద్రమానం ప్రకారం ఏటా కొన్ని రోజులు దాన్ని మూసి ఉంచుతారు. తేదీలు చూసుకునే వెళ్లాలి.

ఉత్తరాన చురాఉమిలోని 7,500 ఘనపు మీటర్ల తొట్టిలో తిమింగల సొరచేపలు ఈదుతుంటాయి. తలుపులు తెరిచే వేళకే చేరుకుంటే గుంపు తగలదు. మధ్యాహ్నం నకిజిన్ కోట శిథిలాలు చూడండి. జనవరి చివరలో అక్కడ ఎర్రని సకురా (చెర్రీ పూలు) పూస్తుంది, జపాన్‌లో మిగతా చోట్లకంటే ముందు. ఆపై కోరి దీవికి వెళ్లే 1,960 మీటర్ల వంతెన దాటితే ఆ రోజు నిండినట్టే. ఇంకా ఉత్తరాన యన్బారు అడవులున్నాయి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి; మూడు రోజుల యాత్రలో వాటిని నిస్సంకోచంగా వదిలేయండి. నాహాకు పడమట ఉన్న కెరామా దీవుల పడవ ప్రయాణమూ అంతే: గాలి పెరిగితే పడవలు ఆగిపోతాయి, ప్రణాళికంతా తారుమారవుతుంది.

కాలం సంగతి కూడా చెప్పాలి. మే ఆరంభం నుంచి జూన్ చివరి వరకు వర్షకాలం, జులై నుంచి సెప్టెంబరు దాకా తుఫానుల భయం. మార్చి, ఏప్రిల్, నవంబరు నెలలు మనకు అనుకూలం. వేసవిలో ఈదేవారు, విషపు జెల్లీచేపల బెడద ఉంటుంది కాబట్టి, వల కట్టిన తీరాలకే వెళ్లాలి.

శాకాహారులకు కొంచెం కష్టమే. ఒకినావా సోబా అనే నూడుల్స్ గోధుమ పిండివే అయినా, దాని రసం పంది ఎముకలతోనూ ఎండు చేపతోనూ కాస్తారు. మనకు చిరపరిచితమైన కాకరకాయతో గోయా చాంపురు అనే వేపుడు చేస్తారు గానీ, అందులోనూ పంది మాంసమో గుడ్డో పడుతుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడే అడగాలి. బస చేసే చోట వంట సౌకర్యం ఉంటే మన బియ్యం, పచ్చళ్లు తీసుకువెళ్లడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మూడో రోజు నాహాలోని షురి కోట, ర్యుక్యు రాజుల నివాసం. 2019 అక్టోబరు 31న దాని ప్రధాన భవనం కాలిపోయింది. 2022లో పునర్నిర్మాణం మొదలుపెట్టి, 2026లో ముగించాలని సంకల్పించారు. కోటకు మోనోరైలులోనే వెళ్లవచ్చు కాబట్టి, ఆ ఉదయమే కారు తిరిగి ఇచ్చేయడం మంచిది. అద్దె కార్ల కార్యాలయాలు ఎక్కువగా విమానాశ్రయానికి వెలుపల ఉంటాయి. పెట్రోలు నింపడానికి, అక్కడి నుంచి బస్సులో రావడానికి ఒక గంట అదనంగా లెక్కవేసుకోండి.