లాండ్రీ మూసేశాక మొదలైన పాట

అందరికీ నమస్కారం. కాంటన్ ఒపేరా గురించి, అంటే దక్షిణ చైనాలోని కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) ప్రాంతపు సంగీత నాటకం గురించి మాట్లాడమని పిలిచారు. కానీ నేను పాటతో కాకుండా ఒక చట్టంతో మొదలుపెడతాను. కెనడాలోని వాంకూవర్ చైనాటౌన్‌లో ఔత్సాహిక సంగీత క్లబ్బులు నిలబడటానికి కళాభిమానం ఎంత కారణమో, ఆ చట్టమూ అంత కారణమని నా నమ్మకం.

1885లో చైనా నుంచి వచ్చే ఒక్కొక్కరి మీద కెనడా ప్రభుత్వం 50 డాలర్ల తలపన్ను వేసింది. 1903 నాటికి అది 500 అయింది. అయినా జనం వస్తూనే ఉన్నారని 1923 జులై 1న ఒక కొత్త చట్టంతో దాదాపుగా తలుపులే మూసేసింది. నేను చెప్పిన చట్టం ఇదే. జులై 1 కెనడా జాతీయ పండుగ రోజు. చైనావాళ్లు మాత్రం దాన్ని అవమాన దినం అన్నారు. 1947లో ఆ చట్టం రద్దయ్యే వరకు, అంటే 24 ఏళ్లలో, లోపలికి రాగలిగిన వలస చైనీయులు 50 మంది కూడా లేరంటారు. 1931 జనాభా లెక్కల ప్రకారం అక్కడి చైనీయుల్లో 100 మంది ఆడవాళ్లకు 1,241 మంది మగవాళ్లు. పెళ్లాం పిల్లలు ఊళ్లో, మనిషి ఇక్కడ. పొద్దంతా లాండ్రీలోనో హోటల్ వంటింట్లోనో పని. రాత్రి ఏం చేయాలి? పడుకోవాలి, లేదా జూదం ఆడాలి. లేదా పాడుకోవాలి.

అంతకుముందు పాట వినాలంటే టికెట్ కొంటే చాలు. చైనా దక్షిణ తీరం నుంచి వృత్తి నాటక సమాజాలు ఓడల్లో వచ్చేవి, చైనాటౌన్‌లో థియేటర్లు ఉండేవి. 1930ల ఆర్థిక మాంద్యం ఆ వ్యాపారాన్ని దెబ్బతీసింది. ఇక జనమే వాద్యాలు చేతికి తీసుకున్నారు. వాంకూవర్‌లో 1934లో జిన్ వా సింగ్, 1936లో చింగ్ వాన్ అనే క్లబ్బులు మొదలయ్యాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో నామ్ చుంగ్ అనే క్లబ్బు 1925 నుంచే ఉంది. ‘జిన్ వా సింగ్’ అంటే చైనా గొంతును మేల్కొలపడం అని అర్థం. ఆ పేరుకు తగ్గ పని త్వరలోనే పడింది. 1937లో చైనా మీద జపాన్ యుద్ధం మొదలయ్యాక చైనాటౌన్లలో విరాళాల కోసం వేసిన ప్రదర్శనలకు లెక్కే లేదు.

ఇది నేర్చుకోవడం ఎంత కష్టమో కాసేపు చెప్పనివ్వండి, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. అప్పటి వలసదారుల్లో ఎక్కువమంది దక్షిణ చైనాలోని తైషాన్ చుట్టుపక్కల పల్లెలవాళ్లు. వాళ్ల ఇంటి మాట ఒకటి, ఒపేరాలో పాడేది కాంటన్ నగరపు యాస. పైగా ఆ భాషలో స్వరస్థాయి మారితే మాట అర్థమే మారిపోతుంది. కాబట్టి బాణీ మాటను మింగకూడదు, మాట ఎటు వంగితే పాట అటు వంగాలి. మన పద్యంలో యతి తప్పితే పెద్దాయన ముక్కు చిట్లిస్తాడే, ఆ రకం పట్టింపు. ఆడవేషానికి సన్నటి గొంతు వేరే ఉంటుంది. మగవాళ్లు కూడా దాన్ని సాధన చేసేవాళ్లు.

స్వరలిపి చూస్తే ఇంకా ఆశ్చర్యం. సా రి గ మ లాగే వాళ్లకూ స్వరాక్షరాలున్నాయి. కాగితం మీద ఉండేది మాత్రం ఎముకల గూడే. గమకాలు, సంగతులు పాడేవాడే పెట్టుకోవాలి. అందుకే అది పుస్తకం చూసి వచ్చే విద్య కాదు, పక్కన కూర్చుని పట్టుకునే విద్య. క్లబ్బు గది కావాల్సింది అందుకే.

ఆ గదిలో పెత్తనం గాయకుడిది అనుకుంటాం. కాదు, చెక్క తాళం, చిన్న డప్పు ముందు పెట్టుకుని కూర్చునే మనిషిది. రంగస్థలం మీద నటుడు వేళ్లతో చిన్న సైగ చేస్తాడు, ‘ఇప్పుడు ఫలానా దరువు’ అని. డప్పు ఆయన అది అందుకుంటాడు, వెనక గంటలు, కంచు పళ్లేలు మోగుతాయి. సైగ చూడకపోతే నటుడు నడిమధ్యలో నిలబడిపోవాల్సిందే! ఇక రాగం నడిపే ప్రధాన వాద్యం తరచూ వయొలిన్. 1920, 30ల్లో శాక్సొఫోన్, బాంజో కూడా చేరాయి. విదేశానికి వచ్చి కలుషితమయ్యారని కొందరు అంటారు, కానీ కాంటన్, హాంకాంగ్‌లలోనే అప్పుడు ఇది ఫ్యాషన్.

1947 తర్వాత భార్యలు రావడం మెల్లగా మొదలైంది. 1967లో చదువు, నైపుణ్యం లాంటివాటికి మార్కులు వేసి వలసదారులను ఎంచే పాయింట్ల పద్ధతి వచ్చాక, ఆ తర్వాత 1997లో హాంకాంగ్ బ్రిటన్ చేతి నుంచి చైనా చేతికి వెళ్తుందనే భయంతో, అక్కడి నుంచి కొత్త జనం దిగారు. కొత్తవాళ్లకు బాగా తెలిసిన పాటలు వేరు, పాత సభ్యులకు ఇష్టమైనవి వేరు. ఆ గొడవల్లోకి ఇప్పుడు వెళ్లను.

జిన్ వా సింగ్ దగ్గరున్న పాత దుస్తులు చాలా వరకు ఇప్పుడు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయపు ఆంత్రోపాలజీ మ్యూజియంలో ఉన్నాయి. చమ్కీలు కుట్టిన బరువైన బట్టలు, గ్యాస్ దీపం కాదు, కరెంటు దీపం కింద మెరవాలని కుట్టినవి.

ఇప్పుడు ఒక చిన్న రికార్డింగ్ వినిపిస్తాను, రెండు నిమిషాలే. పాట అర్థం కాకపోయినా ఫర్వాలేదు. మొదట టక్ అని వినిపించేది ఆ చెక్క తాళం, దాని మీద ఒక్క చెవి పెట్టి ఉంచండి.