మబ్బు పట్టిన రాత్రులకు గడువు పెంచాలా?

యాంకర్: నమస్కారం. ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ, ఆ తర్వాతి జీవితం గురించి ఈరోజు మాట్లాడుకుందాం. అమ్మా, మీరు రాత్రంతా టెలిస్కోప్ పక్కనే ఉంటారా?

పరిశోధక విద్యార్థిని: తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో అయితే కొండ మీదే ఉంటాం సర్. హాన్లే టెలిస్కోప్ లద్దాఖ్‌లో, దాదాపు 4,500 మీటర్ల ఎత్తున ఉంది. మేం బెంగళూరు దగ్గర హొసకోటెలో కూర్చుని శాటిలైట్ లింక్‌తో దాన్ని నడుపుతాం. పోయిన చలికాలం ఆ టెలిస్కోప్ వాడుకోవడానికి నాకు మూడు రాత్రులిచ్చారు. రెండు రాత్రులు మబ్బే. స్క్రీన్ మీద ఆకాశం తెల్లగా కనిపిస్తుంటే, ఫ్లాస్కులో టీ అయిపోయేదాకా చూస్తూ కూర్చున్నా. మూడో రాత్రి గంటన్నర తెరిపిచ్చింది, అంతే.

యాంకర్: పోయిన రాత్రులు మళ్లీ ఇవ్వరా?

విద్యార్థిని: మామూలుగా ఇవ్వరు. ప్రపోజల్ మళ్లీ రాయాలి. నా నక్షత్రాలు ఒరాయన్ నక్షత్రమండలం వైపున్నాయి, వేసవికి అవి ఆకాశంలో సూర్యుడున్న వైపుకే చేరతాయి, రాత్రి కనిపించవు. అంటే మళ్లీ చలికాలం దాకా ఆగాలి. పరిశోధనకిచ్చే భృతి, అదే ఫెలోషిప్, దాని గడువు మాత్రం ఆగదు సర్.

సీనియర్ శాస్త్రవేత్త: అందుకే నా విద్యార్థులను థీసిస్‌లో ఒక అధ్యాయమైనా ఆర్కైవ్ డేటాతో, అంటే ఇదివరకే సేకరించి దాచిన డేటాతో చేయమంటాను. పుణె దగ్గరి రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీ, మన అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్, వీటి డేటా కొంతకాలానికి అందరికీ అందుబాటులోకి వస్తుంది.

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక ఉద్యోగంలో ఉన్న పరిశోధకురాలు): అది మంచి సలహానే సర్. కానీ థీసిస్ గట్టెక్కాక కూడా ఇదే పరుగు. 2023 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000 అయ్యాయి, సంతోషమే. తర్వాత పోస్ట్‌డాక్ అంటే రెండేళ్లో మూడేళ్లో. విదేశాల్లో చాలా ప్రకటనలు ఏడాది చివర్లో వస్తాయి, చేరేది మరుసటి శరదృతువులో. కాబట్టి రెండేళ్ల ఉద్యోగంలో చేరిన ఏడాదికే తర్వాతి దానికి దరఖాస్తులు మొదలుపెట్టాలి. ఇప్పటికి రెండు దేశాలు, మూడు ఇళ్లు మారాను. కుక్కర్ ఒక్కటే నాతో వచ్చింది. కొత్త గిన్నె కొనాలన్నా, వెళ్లేటప్పుడు ఎవరికివ్వాలా అని ఆలోచిస్తాను. అమ్మ ఫోన్ చేసి "ఇంకా ఎన్నాళ్లమ్మా?" అంటే చెప్పడానికి నా దగ్గర తేదీ లేదు.

యాంకర్: సర్, ఇంత టెన్షన్ మీ రోజుల్లోనూ ఉండేదా?

సీనియర్: ఉండేది, ఇంత కాదు. ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు గారినే చూడండి. హైదరాబాద్‌లో పెరిగారు, నాన్నగారు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. కావలూరులో ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల టెలిస్కోప్‌ను 1986లో ప్రారంభించేనాటికి ఆయనే లేరు, 1982లో పోయారు. ఇంత నెమ్మదిగా నడిచే శాస్త్రంలో పిల్లల గడువులే ఎందుకింత బిగుతుగా ఉండాలి? వాతావరణం వల్ల పోయిన రాత్రులు రికార్డులో ఉంటాయి కదా. వాటిని చూసి ఫెలోషిప్ పొడిగించాలి. నేను కమిటీల్లో ఇదే అడుగుతున్నాను.

విద్యార్థిని: ఆరు నెలలు పొడిగించినా చాలు సర్. ఇంకో చలికాలం నా చేతికొస్తుంది.